మా చింతమాను నీడ

పోయిన దీపావళికి మన సంఘంవారు పిల్లల చిత్రలేఖనం పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. బొమ్మలు వేసే అలవాటున్న బ్యాంకు ఉద్యోగి అని ఎవరో చెప్పి ఉంటారు. ప్రకృతి దృశ్యం వేయమంటే పిల్లలు నలభైకి పైగా బొమ్మలు వేశారు. దాదాపు అన్నిటిలోనూ రెండు కొండలు, వాటి మధ్య నవ్వే సూర్యుడు, ఒక ఇల్లు, ఒక చెట్టు. ఒక్క బొమ్మలోనూ నీడ లేదు. అంత పెద్ద సూర్యుణ్ణి వేసి నీడ వేయకపోతే ఎలా అని పక్కన కూర్చున్న సంపాదకులవారితో అన్నాను. ఆయన వెంటనే, "అదే రాసివ్వండి, వచ్చే సంచికకు" అన్నారు. నోరు జారినందుకు పడిన శిక్ష ఇది.

పిల్లల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదనుకోండి. నా బొమ్మలో నీడ ఉంది గానీ, సూర్యుళ్లు ఇద్దరున్నారు. ఆ బొమ్మ ఆరేళ్ల పైచిలుకు మా హాల్లో టీవీ పైన వేలాడింది. వచ్చినవాళ్లందరూ బాగుందన్నారు. ఆ రెండో సూర్యుణ్ణి పట్టుకున్నది మా అన్న.

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా. కర్ణాటక పటం తీసి చూస్తే ఆ తాలూకా ఆంధ్రలోకి చొచ్చుకుపోయి, మూడు వైపులా ఆంధ్రప్రదేశే చుట్టుకుని కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. నాకు తెలుగు అక్షరాలు ఏ పంతులూ నేర్పలేదు. హిందూపురం సినిమా హాళ్ల గోడపత్రికల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకని ఈ వ్యాసంలో ఒత్తులు తప్పితే పాఠకులు పెద్దమనసు చేసుకోవాలి. పావగడ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది శనిమహాత్మ గుడి. శనివారాలు ఎక్కడెక్కడి బస్సులో అక్కడ ఆగుతాయి. మాకు గుర్తొచ్చేది మాత్రం ఎండ. ఎర్ర నేల, గుండ్రాళ్ల గుట్టలు, నాగలమడక దగ్గర ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఉత్తర పినాకిని, వాన కోసం చూసే శెనక్కాయ చేలు.

మా చేను తిరుమణి దిక్కున ఉండేది. నాలుగెకరాల మెట్ట. దక్షిణం గెనిమ మీద నిలబడి ఉత్తరానికి చూస్తే నడుమ పెద్ద చింతమాను, ఎడమ పక్కన మా తాత తవ్వించిన కపిల బావి, కుడిపక్కన దూరంగా ఒక గుట్ట. అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాయన పోయాక ఆయన సేద్యంలో ఉండిపోయి, నన్ను తుమకూరులో బి.కాం. చదివించాడు. నేను 1989లో బ్యాంకులో చేరాను.

బొమ్మల పిచ్చి నాకు చిన్నప్పటినుంచీ ఉన్నది కాదు. రాజమండ్రి బ్రాంచికి బదిలీ అయినప్పుడు, కుటుంబం బెంగళూరులోనే ఉండటంతో ఆదివారాలు ఏమీ తోచేది కాదు. ఒకరోజు దామెర్ల రామారావుగారి చిత్రశాలలోకి వెళ్లాను. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన మనిషి. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి చదువుకున్నాడు. అక్కడ ఆయన నీటిరంగు దృశ్యాల ముందు నిలబడితే, గోదావరి గట్టు మీద నిలబడినట్టే అనిపించింది. బయటికొచ్చి నిజం గోదావరిని చూస్తే, అంతవరకు నేను దాన్ని చూడనే లేదని తెలిసింది. మర్నాడు ఒక కామెల్ నీటిరంగుల పెట్టె, రెండు కుంచెలు కొన్నాను. తరువాత బెంగళూరు తిరిగొచ్చాక రుమాలె చెన్నబసవయ్యగారి చిత్రాలు చూశాను. ఆయన 1910లో దొడ్డబళ్లాపురంలో పుట్టారు, స్వాతంత్ర్య సమరయోధులు. 1988లో పోయేదాకా బెంగళూరు పూలచెట్లను వాటి ఎదుటే కూర్చుని వేసినవారు. బయట కూర్చుని వేయాలన్న పట్టుదల నాకు ఆయన్ను చూసే వచ్చింది. గురువంటూ ఎవరూ లేరు. తప్పులన్నీ సొంతంగా చేసుకున్నవే.

ఇక అసలు కథ. మా తాలూకాలో తిరుమణి, బళసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అనే ఐదు ఊళ్ల భూముల్లో సుమారు 13,000 ఎకరాలలో సౌర విద్యుత్ పార్కు వచ్చింది. భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి ఐదు శాతం పెంపు. 2018 మార్చి 1న ప్రారంభోత్సవం జరిగింది. 2019 చివరికి మొత్తం 2,050 మెగావాట్లు పూర్తయింది. ఒప్పందాల మాట ఊళ్లో వినపడుతున్నప్పుడు అన్న నాకు ఫోను చేశాడు. నేను కాగితం తీసుకున్నాను. ఒక పక్క విత్తనం, మందు, కూలి, నాలుగేళ్లకొకసారి పండే పంట. ఇంకో పక్క ఏడాదికి 84,000, వాన పడినా పడకపోయినా. వాణిజ్యశాస్త్రం చదివిన ఎవడైనా ఏం చెబుతాడో నేనూ అదే చెప్పాను. అన్న కాసేపు ఆగి, "నువ్వు బ్యాంకువాడివి, నీకు తెలుసుంటాది" అన్నాడు. సంతకం పెట్టాడు.

ఆ లెక్క తప్పని నేను ఈ రోజుకీ అనను. డబ్బు వస్తూనే ఉంది. పిల్లల చదువులు జరిగాయి, పాత అప్పు తీరింది.

2016 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, చేను అప్పగించేలోపు ఒక బొమ్మ వేసుకుందామని రంగులు పట్టుకెళ్లాను. పొద్దున ఎనిమిదింటికి దక్షిణం గెనిమ మీద కూర్చుని చింతమాను మొదలుపెట్టాను. నీడ పడమటికి, బావి వైపు సాగి ఉంది. చెట్టు, నీడ, బావి అయ్యేసరికి తొమ్మిదిన్నర. వదిన ఉగ్గాని చేసి కబురంపింది. తరువాత చుట్టాలొచ్చారు, భోజనాలయ్యాయి, కాస్త కునుకు తీశాను. సాయంత్రం మళ్లీ వెళితే గుట్ట బంగారంలా మెరుస్తోంది! అంత అందాన్ని వదలబుద్ధి కాలేదు. గుట్ట పడమటి ముఖానికి పసుపు, నారింజ కలిపి పూశాను. ఇంటికి తెస్తే అందరూ ఆ గుట్టనే మెచ్చుకున్నారు. అన్న ఆ రోజు బొమ్మను సరిగ్గా చూడలేదు. అప్పటికే ఆయన కళ్లు మసకబారుతున్నాయని మాలో ఎవరికీ తెలియదు.

ఆ వేసవిలో అన్న మనుషుల్ని పెట్టి చింతమానును కొట్టించాడు. సౌరఫలకాలున్న చోట నీడ పనికిరాదు. ఫలకాలన్నీ గొలుసులా కలిపి ఉంటాయి. ఒకదాని మీద నీడ పడితే ఆ గొలుసంతా నీరసిస్తుంది. వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది కూడా సాధారణంగా డిసెంబరు నెల పొద్దును బట్టి లెక్కకడతారు. ఏడాదిలో అప్పుడే నీడలు పొడుగు కనుక. ఇవన్నీ తరువాత తెలుసుకున్నాను. ఆ రోజు అన్న ఫోనులో, "చింతమాను కొట్టించినానురా" అంటే నేను అడిగింది ఒక్కటే: "ఎంత పలికింది?"

ఆయన అంకె చెప్పాడు. చెప్పి ఫోను పెట్టేశాడు. ఆ తరువాత మా మధ్య మాటలు ఆగిపోలేదు. పండగలకు వెళ్లాం, పెళ్లిళ్లకు కలిశాం. కాని చేను ప్రస్తావన వచ్చినప్పుడల్లా అన్న లేచి ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లేవాడు. వదిన ఒకసారి అంది: "దుడ్డు వస్తా ఉండాది మరిదీ. ఈయనకు పొద్దే పోదు." మన భాషలో సూర్యుడూ పొద్దే, కాలమూ పొద్దే. వదిన ఆ మాట మామూలుగానే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2022లో అన్నకు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. బెంగళూరుకు తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. ముందు ఒక కన్ను. నాలుగో రోజు నల్లకళ్లద్దాలు తీసి హాల్లో కూర్చున్నవాడు లేచి టీవీ పైనున్న బొమ్మ దగ్గరకు నడిచాడు. చాలాసేపు చూశాడు.

"ఒరే, ఇది మన చేను కదా?"

"అవునన్నా. ఆ సంక్రాంతికి వేసినా కదా."

"మాను మనదే, బావి మనదే. యాల ఏదిరా?"

నాకు అర్థం కాలేదు. ఆయన వేలితో చూపించాడు. "నీడ బావి దిక్కు పోతా ఉండాది. అంటే సద్ది యాల. గుట్టకు ఈ పక్క ఎండ కొడతా ఉండాది. అంటే గొడ్లు ఇంటికి మళ్లే యాల. పొద్దు ఏ దిక్కున ఉన్నట్టు?"

నిజమే! ఎడమకు నీడ పడాలంటే సూర్యుడు కుడిపక్క ఉండాలి. కుడిపక్క ఉంటే గుట్ట ఎడమ ముఖం చీకట్లో ఉండాలి. ఇరవై ఏళ్లుగా బ్యాలెన్సు షీట్లలో రెండు వైపులా సరిపోయాయో లేదో చూడటమే నా ఉద్యోగం. నా గోడ మీద ఉన్నదాన్ని సరిచూసుకోలేకపోయాను. మా అబ్బాయి పక్కనుంచి కిసుక్కున నవ్వాడు. అన్న నవ్వలేదు. "నీడ కూడా ఇంత నల్లగా ఉండదు. బూడిద పోసినట్టుండాది" అన్నాడు. మళ్లీ తనే, "లేకుంటే నా కన్నే తేడాగా ఉండాదేమో. బాల్కనీ తెల్లగోడ మీద కమ్మీల నీడ నీలంగా అగుపిస్తా ఉంది" అన్నాడు.

తేడా కంటిది కాదు. శుక్లం ముదిరినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారి, నీలాన్ని లోపలికి రానివ్వదు. అది తీసేశాక కొన్నాళ్లు నీలం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు మోనే కూడా ఈ బాధ పడ్డాడు. ఆయనకు 1923లో ఆపరేషన్ జరిగింది. నీడ నీలంగా ఉంటుందన్నది అన్న భ్రమ కాదు, పచ్చి నిజం. ఎండలో ఉన్న చోటికి సూర్యుడి వెలుగు నేరుగా వస్తుంది. నీడలో ఉన్న చోటికి సూర్యుడు అడ్డుపడ్డా, తక్కిన ఆకాశమంతా వెలుగు పంపుతూనే ఉంటుంది. ఆ ఆకాశం నీలం కనుక నీడలోనూ ఆ నీలం దిగుతుంది. తెల్లగోడ మీద అది తేలిగ్గా కనపడుతుంది. మా ఎర్ర నేల మీదైతే ఎరుపూ నీలమూ కలిసి, కాస్త వంకాయ ఛాయలో మట్టిరంగు వస్తుంది. నేను పెట్టెలో నలుపు ఉంది కదా అని నలుపు పూశాను. నీడ నల్లగా ఉంటుందని చిన్నప్పుడు ఎవరో చెప్పి ఉంటారు, అదే వేశాను గానీ చూసి వేయలేదు. ఫీల్డు ఇన్‌స్పెక్షనుకు వెళ్లకుండా ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాసేవాళ్లను నేను ఎన్నిసార్లు కోప్పడ్డానో!

"మళ్లీ వేస్తాలే అన్నా" అన్నాను, ఏదో అనాలని.

"మాను యాడుందని చూసి వేస్తావు?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది.

ఆ తరువాతి సంక్రాంతికి, 2023లో, రంగులు తీసుకుని వెళ్లాను. సంక్రాంతికే ఎందుకంటే, పొద్దు ఏడాది తిరిగి అదే తేదీకి అదే దారిన నడుస్తుంది. జనవరి నీడ కావాలంటే జనవరిలోనే వెళ్లాలి. ఇది అన్నకు నాకంటే బాగా తెలుసు. "సంకురాత్రి అప్పుడైతే నీడ బావి గడ్డను తగులుతుంది. ఎండాకాలం అయితే బావిని తప్పి కళ్లం దిక్కు పోతుంది" అన్నాడు. ఎండాకాలం పొద్దు ఈశాన్యం వైపుగా పొడుస్తుంది కనుక నీడ నైరుతికి జరుగుతుంది, అంతే. నేను పుస్తకం చూసి చెప్పగలిగిన దాన్ని ఆయన కూలోళ్లకు సద్ది ఎప్పుడు పెట్టాలో చూసుకునే లెక్కలో నేర్చుకున్నాడు. నీడ బావి గడ్డను తాకితే సద్ది. మాను మొదట్లోకి ముడుచుకుంటే మధ్యాహ్నం అంబలి. తూర్పు గెనిమ దాటితే గొడ్లు ఇంటికి. చేతికి గడియారం పెట్టుకోని మనిషికి నలభై ఏళ్లు ఆ మానే గడియారం. నేను ఎంత పలికిందని అడిగింది ఆ గడియారం గురించే.

మాను లేదు కనుక ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. మా ఊరి చెరువు కింద దాదాపు అదే ఈడు, అదే చుట్టుకొలత ఉన్న చింతమాను ఇంకొకటి ఉంది. మొదటి రోజు పొద్దున దాని దగ్గర కూర్చుని నీడ పట్టుకోవాలి. రెండో రోజు అదే వేళకు పాత చోటికి, కంచె ఇవతల బండిబాటకు వెళ్లి గుట్టను పట్టుకోవాలి. బావి అన్న నోటితో చెబుతాడు.

బయట కూర్చుని వేసేవాళ్లకు పనికొస్తుందేమోనని ఆ మొదటి పొద్దును కాస్త వివరంగా చెబుతాను. ఏడూ ముప్పావుకే చేరాం. ముందు నా కాగితం ఎండలో పడకుండా అన్న నల్లగొడుగు పట్టాడు. ఇది చాదస్తం కాదు. తెల్లకాగితం మీద ఎండ పడితే కళ్లు జిగేల్‌మని, వేసిన రంగు పలచగా కనిపిస్తుంది. మనం ఇంకా ముదురు పూస్తాం. ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మంతా మబ్బు పట్టినట్టుంటుంది. గొడుగు ఎర్రదో పచ్చదో అయితే దాని రంగు కాగితం మీద దిగుతుంది, కనుక నలుపే మేలు. తరువాత కళ్లు సగం మూసి చూడాలి. ఆకులూ కొమ్మలూ మాయమై, వెలుగు ముద్దలు, నీడ ముద్దలు మాత్రమే మిగులుతాయి. అగ్గిపెట్టెంత బొమ్మలో ఆ ముద్దల్ని పెన్సిలుతో గీసుకుని, పక్కన పొద్దు ఏ వైపునుంచి వస్తోందో ఒక బాణం గుర్తు, వేళ ఎంతో ఒక అంకె వేసుకోవాలి. నేను 2016లో ఆ బాణం వేసుకుని ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

అసలు చిక్కు, పొద్దు నిలవదు. గంటకు పదిహేను డిగ్రీలు, అంటే నాలుగు నిమిషాలకొక డిగ్రీ. ఈ మాట నేను చెబితే అన్న ఒక రాయి తీసుకెళ్లి నీడ కొసన పెట్టి వచ్చాడు. ఎనిమిదిన్నరకు మాను మొదలునుంచి నీడ కొసకు నలభై అంగలు. పది నిమిషాలకు చూస్తే రాయి ఎండలో ఉంది, నీడ నాలుగు అంగలు వెనక్కి పోయింది. "చూసినావా, నీ బొమ్మకోసం నిలవదు అది" అన్నాడు. మోనే గడ్డివాముల్ని 1890, 91 ప్రాంతంలో వేసినప్పుడు ఒకేసారి చాలా కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఇంకో కాన్వాసుకు మారేవాడట. మన దగ్గర అంత కాగితమూ లేదు, అంత ఓపికా లేదు. చేయగలిగిందల్లా ముందు నీడల హద్దులు గీసేసుకుని, ఆ తరువాత నీడ ఎటు పోయినా దాని వెంట పడకుండా ఉండటం. అది వినడానికి తేలిక. ఎదురుగా నీడ మారిపోతుంటే చేయి ఊరుకోదు. మూడుసార్లు అన్న "ఊఁ" అని హెచ్చరించాడు.

దగ్గర కూర్చుని చూస్తే ఇంకో సంగతి కనపడింది. నీడ అంచు అంతటా ఒకలాగ ఉండదు. మాను మొదట్లో కత్తితో కోసినట్టు, కొసకు పోయేకొద్దీ దూదిలా. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం కదా. పళ్లేనికి ఈ అంచునుంచీ ఆ అంచునుంచీ వచ్చే వెలుగు దూరం పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి జరుగుతుంది. చింతాకు సన్నం కనుక నీడ నిండుగా ఉండదు, జల్లెడ పట్టినట్టు నడుమ నడుమ వెలుగు బిళ్లలు. ఆకుల సందు ఏ ఆకారంలో ఉన్నా బిళ్ల మాత్రం గుండ్రటి అంచుతోనే ఉంటుంది. పొద్దు వాలినప్పుడు కాస్త సాగి కోడిగుడ్డులా ఉంటుంది. ఆ ప్రతి బిళ్లా సూర్యుడి బొమ్మే. 2019 డిసెంబరు 26 గ్రహణం రోజున బెంగళూరులో మా వీధి చెట్టు కింద ఆ బిళ్లలన్నీ నెలవంకలైపోయాయి. నీటిరంగుల్లో ఈ బిళ్లల్ని తెల్లరంగుతో పెట్టకూడదు, కాగితాన్ని వదిలెయ్యాలి. ముందే వదలకపోతే తరువాత చేయగలిగేది లేదు. నేను కొన్ని వదిలాను, కొన్ని మరిచాను.

రంగుకు అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా రెండే వాడాను. నలుపు డబ్బా ఇంట్లోనే పెట్టి వెళ్లాను, చేతికి అందకుండా. మా ఊరి పొడిగాలికి రంగు పూసింది పూసినట్టే ఆరిపోతుంది, ఆరాక పలచబడుతుంది. అందుకని కాస్త ముదురుగా, ఒక్క చేతిలో పూయాలి. మాను అడుగు కొమ్మల కింది పక్క చూస్తే ఎర్రగా ఉంది. నేల మీద పడిన ఎండ ఎగిరి కింది కొమ్మలకు తగులుతోంది. నేను ఆగిపోతే అన్న, "కింద పండుకుంటే అట్లే అగుపిస్తాది" అన్నాడు. ఆ రంగును ఆయన జీవితమంతా వెల్లకిలా పడుకుని చూశాడు.

రెండో రోజు కంచె ఇవతల నిలబడ్డాం. ఫలకాలు దక్షిణానికి వాలి ఉంటాయి కనుక అద్దాల ముఖాలు మా వైపే ఉన్నాయి. ఆకాశం వాటిలో పడి, మా ఊళ్లో నేనెన్నడూ చూడనంత నిండు చెరువులా కనిపించింది. కనపడేది కనపడినట్టు వేయాలని కదా ఇంతసేపూ చెప్పుకున్నాం. అన్నతో ఆ మాటే అన్నాను. ఈ ఫలకాలతోనే వేద్దాం, ఇదీ మన చేనే కదా అని. "అది కావాలంటే ఫోటో తీసుకో" అన్నాడు. మాట పెంచలేదు. నాకోసం చిన్న కాగితం మీద ఫలకాలతో ఒకటి వేసుకున్నాను. అదేమంత బాగా రాలేదు. అంత పెద్ద దృశ్యంలో కళ్లు ఆనడానికి ఒక్క నీడైనా దొరకలేదు.

ఆయన బొమ్మలోకి గుట్టను దించేటప్పుడు మొదటి బొమ్మలోని బంగారాన్ని వదులుకోవలసి వచ్చింది. పొద్దున పూట గుట్ట ఎడమ ముఖం మబ్బుగా, ఊదాగా ఉంటుంది. కుడి అంచున బండల మీద మాత్రం సన్నటి వెలుగు గీత. చూసేవాళ్లు మెచ్చుకునే గుట్ట కాదది. బావి గడ్డ ఎక్కడ, కపిల రాళ్లు రెండూ ఎంత ఎడం, నీడ కొస ఏ రాయిని తాకేది, అన్నీ అన్న కంచె కమ్మి పట్టుకుని చెబుతుంటే గీశాను. ఒకచోట, "ఆడ కాదురా, ఇంకా ఈ పక్క. నాయన కూర్చునే రాయి అది" అన్నాడు. రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాను. ఆ కాసేపు ఆయన చేను గురించి మాట్లాడుతున్నాడని, లేచి వెళ్లిపోలేదని, నాకు తరువాత ఎప్పుడో తట్టింది.

మధ్యలో ఒకసారి ధైర్యం చేసి అన్నాను: "ఆ రోజు ఫోనులో నేనట్లా అడిగుండకూడదన్నా."

ఆయనకు ఏ ఫోనో వెంటనే తెలిసింది. గుట్ట వైపే చూస్తూ, "నువ్వు అడగకుంటే నేనే చెప్పేవాణ్ణేమో. దుడ్డు సంగతే కదా ఆ పొద్దు అందరమూ మాట్లాడింది" అన్నాడు. కాసేపాగి, "గొడుగు సరిగా ఉందా, ఎండ పడతా ఉండాదా కాగితం మీద?" అన్నాడు.

ఆ సాయంత్రం వదిన ముద్ద, శెనక్కాయ ఊరుబిండి పెట్టింది. బొమ్మను గోడకు ఆనించి అన్న దూరంనుంచీ దగ్గరనుంచీ చూశాడు. ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు. ఒక ముసలాయన చూడగానే, "సద్ది తెచ్చినారా లేదా?" అన్నాడు. వేళ సరిపోయిందన్నమాట.

లేపాక్షి మాకు దగ్గరే. ఆ ప్రయాణంలోనే పిల్లల్ని తీసుకుని వెళ్లాం. వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద విజయనగర కాలపు బొమ్మలు, నల్లటి గీత, నిండు రంగులు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎవరికీ నేల మీద నీడ పడదు. ఆ కాలపు చిత్రకారులకు ఏ వేళ అన్నది అక్కర్లేదు, కథ కావాలి. కనుక ఆ పోటీలో నీడ లేదని నేను మార్కులు తగ్గించిన పిల్లలకు క్షమాపణ చెబుతున్నాను. అయితే నవ్వే సూర్యుణ్ణి కూడా వేశారు మరి, అదీ నా వాదన!

కొత్త బొమ్మ ఊళ్లో, నడవాలో ఉంది. పాతది ఇప్పటికీ మా హాల్లోనే ఉంది, తీయవద్దని మా అబ్బాయి పట్టుబట్టాడు. వచ్చినవాళ్లను ఇందులో తప్పేమిటో చెప్పుకోండి అని అడుగుతాడు.

అన్నకు ఇంకొకటి కావాలట. మధ్యాహ్నం పూటది. మా తాలూకా 14 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది కనుక ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకోసారి పొద్దు సరిగ్గా నడినెత్తిన నిలుస్తుంది. నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. మాను నీడ మాను కిందే గొడుగులా ఉంటుంది. "అప్పుడే కదరా నేనూ ఎద్దులూ దాని కింద పండుకునేది. అది వెయ్" అన్నాడు. మిట్టమధ్యాహ్నం వెలుగు చప్పగా ఉంటుంది, బొమ్మకు పనికిరాదు, ఎవరూ వేయరు అన్నాను. "ఎండన పడినోనికి అదే కావాలి" అన్నాడు. 2023 ఏప్రిల్‌లో వస్తానని మాటిచ్చి, ఆడిట్ పనుల్లో పడి వెళ్లలేకపోయాను. ఆగస్టుకు ఆకాశం మబ్బులు పట్టింది. ఈ ఏడు ఏప్రిల్ 25 నుంచి వారం రోజులు సెలవు పెట్టాను. చెరువు కింది మానుకు ఈసారి కాయలు బాగా పట్టాయని, వాటిని దులిపేలోపు రమ్మని మొన్న ఫోను చేశాడు.